దాని గొంతు సన్నబడగానే వెనక్కి తిప్పు

తల్లీ,

గ్లైడర్ మూడు వందల మీటర్లు దాటిందో లేదో రేడియో ‘టెలిమెట్రీ లాస్ట్’ అంటోందని, రిసీవర్ పెట్టె మీద మాత్రం కిలోమీటరున్నర రేంజ్ అని ఉందని, ఇంకా ఖరీదైన రిసీవర్ కొననా అని అడిగావు. కొనకు. ఆ రిసీవర్‌లో లోపమేమీ లేదనే నా నమ్మకం. దాని యాంటెన్నాలను పెట్టిన చోటే బాగాలేదు. ఫోనులో నాలుగు ముక్కల్లో తేలే సంగతి కాదు కనుక తీరిగ్గా రాస్తున్నాను. పూర్తిగా చదివాకే స్క్రూడ్రైవర్ చేతికి తీసుకో.

ముందుగా నీ పనికి నా మెప్పు. ఎఫ్3కె గ్లైడర్ అంటే రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 1500 మిల్లీమీటర్లు దాటకూడదు, బరువు 600 గ్రాములు మించకూడదు. మోటారు ఉండదు. రెక్క కొస పట్టుకుని ఒంటిని గిర్రున తిప్పి పైకి విసరాలి, ఆపైన ఎండకు లేచే వేడిగాలిని, అంటే థర్మల్‌ను, వెతుక్కుంటూ అదే ఎత్తుకు ఎక్కాలి. అలాంటిదాన్ని కొని తెచ్చుకోకుండా, కార్బన్ బట్టను ఎపాక్సీతో తడిపి అచ్చులో పరిచి నీ చేతులతో తీశావు. వేరియోమీటర్ కూడా అమర్చి, అది లేస్తోందో దిగుతోందో చెవితో వినేలా చేసుకున్నావు. మన ఇంట్లో ఈ పని విలువ అందరికీ తెలియకపోవచ్చు, ఈ పెదనాన్నకు తెలుసు. అందుకే అది ఏ చేలో పడి కనబడకుండా పోతుందోనని నాకు ఇంత తాపత్రయం.

నువ్వు చెప్పినవాటిలో రెండు గుర్తులున్నాయి. టెలిమెట్రీ పోయాక కూడా గ్లైడర్ నీ మాట వింది, తిప్పితే తిరిగింది. అది మొదటిది. నీ నుంచి దూరంగా వెళ్తున్నప్పుడు పోయిన టెలిమెట్రీ, నీ వైపు మళ్లగానే తనంతట తనే వచ్చేసింది. అది రెండోది. జవాబంతా ఈ రెండింటిలోనే ఉంది.

మొదటి గుర్తు చూద్దాం. నీకూ గ్లైడర్‌కూ మధ్య రెండు దారులున్నాయి. నీ రేడియో పైకి పంపేది ఆజ్ఞ. రిసీవర్ కిందికి పంపేది కబురు: బ్యాటరీ వోల్టేజి ఎంత, ఎత్తు ఎంత, నీ సిగ్నల్ తనకు ఎంత బలంగా అందుతోంది. ఈ కబురే టెలిమెట్రీ. రేడియో కొన్ని ప్యాకెట్లు పంపి ఒక్క క్షణం ఊరుకుంటుంది, ఆ సందులో రిసీవర్ తన కబురు చెప్పేస్తుంది. ఇలా వంతులవారీగా నడుస్తుంది వ్యవహారం. అయితే ఇద్దరి గొంతులూ సమానం కావు. నీ చేతిలోని రేడియో 100 మిల్లీవాట్లతో పంపుతుంటే ఆ బుల్లి రిసీవర్ 25 మిల్లీవాట్లతోనో, అంతకన్నా తక్కువతోనో పలుకుతుంది.

బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన హెరాల్డ్ ఫ్రీస్ 1946లో ప్రచురించిన సూత్రం మీ ఈసీఈ పుస్తకాల్లో ఉంటుంది. పరీక్ష రాసి వదిలేయకుండా దాన్ని చేలోకి తీసుకెళ్లు. దూరం రెట్టింపైతే అందే బలం నాలుగో వంతుకు పడిపోతుంది, అంటే 6 డెసిబెల్స్ నష్టం. దాన్నే తిరగేసి చూడు. పంపే బలం నాలుగో వంతే ఉంటే మాట సగం దూరమే వెళ్తుంది. 100 మిల్లీవాట్ల పక్కన 25 మిల్లీవాట్లు అంటే సరిగ్గా అదే. 10 మిల్లీవాట్లయితే మూడో వంతు దూరం కూడా రాదు. అందుకే టెలిమెట్రీ ముందు పోతుంది, కంట్రోల్ ఇంకా చాలా దూరం నిలుస్తుంది. కాబట్టి ‘టెలిమెట్రీ లాస్ట్’ అని వినగానే గ్లైడర్ చేజారిందని బెంబేలెత్తకు. అది నీ మాట వింటూనే ఉంది, దాని మాటే నీకు అందడం లేదు.

ఇక రెండో గుర్తు. అసలు ఎంత దూరం రావాలో ముందు లెక్క వేద్దాం. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర, అడ్డేమీ లేనప్పుడు, ఒక కిలోమీటరుకు 100 డెసిబెల్స్ పోతాయి. 100 మిల్లీవాట్లంటే 20 డీబీఎం. అంటే కిలోమీటరు అవతల మైనస్ 80 డీబీఎం అందాలి. ఎక్స్‌ప్రెస్‌ఎల్ఆర్ఎస్ లాంటి రేడియో లింకు పద్ధతిలో సెకనుకు 500 ప్యాకెట్లు పంపితే రిసీవర్ మైనస్ 105 దాకా వినగలదు, 50 ప్యాకెట్లకు తగ్గిస్తే మైనస్ 115 దాకా వినగలదు. కిలోమీటరు దూరాన కూడా 25 డెసిబెల్స్ మిగులు ఉండాలన్నమాట. టెలిమెట్రీ గొంతు చిన్నదని ఒక 6 తీసేసినా మిగులు బాగానే ఉంటుంది. నీకు మూడు వందల మీటర్లకే పోయిందంటే మిగిలినదంతా నీ గ్లైడరే తినేస్తోంది.

ఎలా తింటోందో చెబుతాను. కార్బన్ ఫైబర్‌లో కరెంటు పారుతుంది. రేడియో తరంగానికి లోహం ఎంత అడ్డమో అదీ అంతే అడ్డం. బాల్సా, ఫోమ్, ఫైబర్ గ్లాస్, కెవ్లార్ తరంగాన్ని దాదాపు అలాగే పోనిస్తాయి. ఈ తరగతి గ్లైడర్లు చేసేవాళ్లు తోక గొట్టాన్ని కార్బన్‌తో చేసినా ముక్కును కెవ్లార్‌తోనో గ్లాస్‌తోనో పోయడం ఇందుకే. నువ్వు గట్టిదనం కోసం ముక్కు కూడా కార్బన్‌తోనే పోశావు. రిసీవర్‌ను రడ్డర్, ఫ్లాప్‌లను కదిపే సర్వోలకు ముందు దూర్చి, యాంటెన్నా తీగలు రెండింటినీ చుట్టచుట్టి బ్యాటరీ పక్కన అణచావని నువ్వు పంపిన ఫొటోలో కనిపించింది. పైనున్న ప్లాస్టిక్ మూత గుండానే కాస్తో కూస్తో సిగ్నల్ బయటపడుతోంది. నీ వైపు వస్తున్నప్పుడు ఆ మూత నీకు ఎదురుగా ఉంటుంది. తోక చూపించి వెళ్తున్నప్పుడు సర్వోలు, వాటి తీగలు, కార్బన్ గొట్టం వరుసగా అడ్డం నిలుస్తాయి.

ఇప్పుడు యాంటెన్నా గురించి. రిసీవర్ నుంచి వచ్చే ఆ సన్నని తీగ మొత్తం యాంటెన్నా అనుకుంటారు చాలామంది. అది సిగ్నల్‌ను మోసే కోయాక్సియల్ కేబుల్ మాత్రమే. చివర పై అల్లిక ఒలిచి వదిలిన ముక్క, సుమారు 31 మిల్లీమీటర్లు, అదే అసలు యాంటెన్నా. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 125 మిల్లీమీటర్లు, అందులో నాలుగో వంతు అది. పాత 72 మెగాహెర్ట్జ్ రిసీవర్లకు ఒక మీటరు తీగ వేలాడేది, ఆ తరంగం పొడవు నాలుగు మీటర్ల పైమాట కనుక. 2005లో స్పెక్ట్రమ్ వాళ్ల డీఎక్స్6 రేడియో వచ్చాక మోడల్ విమానాలు 2.4 గిగాహెర్ట్జ్‌కు మారడం మొదలైంది. మీటరు తీగలో ఒక అంగుళం తెగినా పెద్ద తేడా ఉండేది కాదు. ఇప్పుడు ఆ అంగుళమే యాంటెన్నా. కాబట్టి కొసను మడవకు, కత్తిరించకు, తీగలతో కలిపి టేపు చుట్టకు. తెగితే అతుకు వేయకుండా యాంటెన్నా మొత్తం మార్చు. బోర్డు మీద అది తగిలే బుల్లి గుండ్రటి కనెక్టర్ 30 సార్లు పెట్టి తీయడానికే తయారైంది, ఊరికే పీకి చూడకు. గట్టిగా దిగిన లాండింగ్ తర్వాత మాత్రం అది వదులైందేమో ఒకసారి చూసుకో.

ఆ 31 మిల్లీమీటర్ల కొస అన్ని దిక్కులా సమానంగా వినదు. పళ్లెంలో ఒక గారె ఉందనుకో, దాని చిల్లులో యాంటెన్నా నిలువుగా నిలబడింది. గారె కండ ఉన్నవైపంతా సిగ్నల్ పుష్కలంగా ఉంటుంది. చిల్లు వైపు, అంటే యాంటెన్నా మొన చూపించే దిక్కున, దాదాపు ఏమీ ఉండదు. నీ రేడియో మీది యాంటెన్నాకూ ఇదే వర్తిస్తుంది. తుపాకీ గురిపెట్టినట్టు దాని మొనను గ్లైడర్ వైపు చూపించకు. యాంటెన్నా పక్కభాగం గ్లైడర్‌కు కనబడాలి, దాన్ని కాస్త పక్కకు వంచి పట్టుకుంటే చాలు. పంపే యాంటెన్నా నిలువుగా, వినే యాంటెన్నా అడ్డంగా ఉన్నా 20 డెసిబెల్స్ దాకా పోగలవు. గాలిలో గ్లైడర్ ఎప్పుడు ఎటు వాలుతుందో ఎవరూ చెప్పలేరు, అందుకే రిసీవర్‌కు రెండు యాంటెన్నాలిస్తారు. ఒకదానికొకటి 90 డిగ్రీల్లో ఉంటే ఒకటి వినలేని చోట రెండోది వింటుంది. నువ్వు చుట్టినట్టు పక్కపక్కన చుడితే రెండున్నా ఒక్కటున్నట్టే. కొన్ని రిసీవర్లు వినడానికి రెండింటినీ వాడినా పలకడానికి ఒక్కదాన్నే వాడతాయి. నీ రిసీవర్ పుస్తకంలో ఆ సంగతి చూసి, పలికే యాంటెన్నాకు మంచి చోటు ఇవ్వు.

ఇప్పుడు చేయాల్సిన పని చిన్నదే. ముక్కుకు ఒక పక్కన ఒక సన్నని రంధ్రం, పైన ఇంకొకటి వెయ్యి. కార్బన్ అంచులు కేబుల్‌ను కోసేస్తాయి, వాటిని నున్నగా రుద్ది సన్నని ప్లాస్టిక్ గొట్టం దూర్చు. ఒక కొస పక్కకు అడ్డంగా, ఇంకో కొస పైకి నిలువుగా, 31 మిల్లీమీటర్లూ పూర్తిగా కార్బన్ బయట ఉండాలి. గాలికి అడ్డు తగులుతుందని నీకు బాధ కలుగుతుంది, ఆ బాధ నాకు తెలుసు. ఆ రెండు కొసల వల్ల పోయేది కొద్దిపాటి వేగం. అవి లేకపోతే పోయేది గ్లైడర్. తర్వాతి గ్లైడర్‌కు ముక్కు కెవ్లార్‌తో పొయ్యి. ఇంకొక మాట మనసులో పెట్టుకో: డ్రాయింగ్ గీసేటప్పుడు మొదటి గీత యాంటెన్నా చోటుకు గియ్యి, సర్వోలు, బ్యాటరీ, రిసీవర్ దాని చుట్టూ సర్దుకుంటాయి. అన్నీ బిగించాక మిగిలిన సందులో యాంటెన్నాను దూర్చే అలవాటు ఇప్పుడే మానుకుంటే జన్మంతా సుఖపడతావు.

మార్చేశాను కదా అని నేరుగా విసరకు. కొలిచి చూసుకో. ప్రతి మంచి రేడియోలోనూ రేంజ్ చెక్ అని ఒక మెనూ ఉంటుంది, అది పంపే బలాన్ని బాగా తగ్గిస్తుంది. స్పెక్ట్రమ్ వాళ్లు 30 అంగలు, అంటే సుమారు 28 మీటర్లు, వెనక్కి నడిచి చూడమంటారు. కొన్ని రేడియోల్లో ఈ మెనూలో రేంజ్ ముప్పయ్యో వంతుకు తగ్గుతుంది, 30 మీటర్ల దగ్గర పనిచేస్తే మామూలు బలంతో 900 మీటర్లకు భరోసా అన్నమాట. గ్లైడర్‌ను నేల మీద, కారు మీద పెట్టకు. నీ స్నేహితురాలిని తోక గొట్టం పట్టుకుని భుజం ఎత్తున నిలపమను. తను మాత్రం నీకూ గ్లైడర్‌కూ మధ్యలోకి రాకూడదు, మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీళ్లే, అవి 2.4 గిగాహెర్ట్జ్‌ను బాగా పీల్చేస్తాయి. ముక్కు నీ వైపు, తోక నీ వైపు, ఎడమ, కుడి, పొట్ట, వీపు, ఒక్కో దిక్కున సిగ్నల్ బలాన్ని చెప్పే ఆర్ఎస్ఎస్ఐ అంకె నోటుబుక్కులో రాసుకో. ఏ దిక్కున అంకె ఒక్కసారిగా పడిపోతే ఆ దిక్కున ఏదో అడ్డముంది. అది సరిచేశాకే చేలోకి వెళ్లు.

చేలోకి వెళ్లాక పాటించాల్సిన నియమం ఒక్కటే, దానికోసమే ఇదంతా రాశాను. ఓపెన్‌టీఎక్స్, ఎడ్జ్‌టీఎక్స్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే రేడియోల్లో ఆర్ఎస్ఎస్ఐ 45కు తగ్గితే మొదటి హెచ్చరిక, 42కు తగ్గితే రెండోది వచ్చేలా ముందే అమర్చి ఉంటుంది. నీ రిసీవర్ డీబీఎంలో చూపించేదైతే దానికి తగ్గ అంకెలు నువ్వే పెట్టుకో. మొదటి హెచ్చరిక వినబడగానే గ్లైడర్‌ను వెనక్కి తిప్పు. ఎంత మంచి థర్మల్‌లో ఉన్నా, ఇంకొక్క చుట్టు తిరుగుదామని ఎంత అనిపించినా తిప్పు. ఎందుకంటే నీ సిగ్నల్ గ్లైడర్‌కు ఎంత అందుతోందో నీకు చెప్పేది టెలిమెట్రీయే. ఆ గొంతు ఆగిపోయిందంటే, కంట్రోల్ ఇంకా ఎంత మిగిలిందో చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. ఆపైన హెచ్చరికలు రావు. ఉన్నట్టుండి కంట్రోల్ పోయినప్పుడే తెలుస్తుంది. ‘టెలిమెట్రీ పోయినా కంట్రోల్ ఉంటుందిలే’ అని ధీమాగా దూరం పోయేవాళ్లను చూసి నేర్చుకోకు. వాళ్లు చెప్పేది నిజమే, కానీ ఎంతవరకు నిజమో వాళ్లకే తెలియదు.

దూరాన ఉన్నప్పుడు కిందికి దిగడం కూడా ప్రమాదమే. సిగ్నల్ దారంలా సన్నగా వెళ్లదు, చుట్టూ కొంత ఖాళీ కోరుతుంది. అర కిలోమీటరు దూరానికి మధ్యలో సుమారు 4 మీటర్లు, కిలోమీటరుకు సుమారు 5.6 మీటర్లు నలువైపులా అడ్డు లేకుండా ఉండాలి. చెరకు తోట మీదుగానో, తాటిచెట్ల వరుస అవతలో తక్కువ ఎత్తులో ఎగిరితే దూరం తక్కువే అయినా సిగ్నల్ పడిపోతుంది. ఎత్తు ఉండగానే ఇంటిదారి పట్టు.

ఫెయిల్‌సేఫ్ ఇవ్వాళే పెట్టు. సిగ్నల్ పోతే సర్వోలు చివరి స్థానంలోనే ఆగిపోయేలా వదలకు. ఫ్లాప్ కాస్త దిగి, రడ్డర్ కాస్త ఒక పక్కకు తిరిగేలా పెట్టు. అప్పుడు గ్లైడర్ గాలివాటున ఏ ఊరికో కొట్టుకుపోకుండా, ఉన్నచోటే చుట్లు తిరుగుతూ మెల్లగా దిగుతుంది. పెట్టాక దాన్ని గట్టిగా పట్టుకుని రేడియో ఆపి చూడు, సర్వోలు నువ్వు చెప్పినట్టు కదిలాయో లేదో. రిసీవర్ వోల్టేజికి కూడా ఒక హెచ్చరిక పెట్టు. బ్యాటరీ నీరసించి రిసీవర్ ఒక్క క్షణం ఆగిపోయినా, చూసేవాళ్లకు అది రేంజ్ లోపంలాగే కనిపిస్తుంది. రేడియోలోని కార్డులో లాగ్ రాయించుకుంటే ఏది ఎందుకు జరిగిందో సాయంత్రం గదిలో కూర్చుని చూసుకోవచ్చు.

బలం పెంచితే ఈ ఇబ్బంది పోతుంది కదా అని నీ సీనియర్ చెప్పాడన్నావు. మన దేశంలో 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ దాకా లైసెన్సు లేకుండా వాడుకునే వీలు 2005 నుంచి ఉంది, దానికి 1 వాట్ పంపే బలం, యాంటెన్నా లాభం కూడా కలిపి 4 వాట్ల ఈఐఆర్‌పీ హద్దు. 915 మెగాహెర్ట్జ్ మాడ్యూల్ తెప్పించమని కూడా ఎవరో ఒకరు చెబుతారు. అది ఇక్కడ మొబైల్ ఫోన్ల పట్టీని తాకుతుంది, దాని జోలికి పోకు. తక్కువ ఫ్రీక్వెన్సీ నిజంగా కావాలంటే మనకు అనుమతి ఉన్న 865–868 మెగాహెర్ట్జ్ ఉంది, ఎక్స్‌ప్రెస్‌ఎల్ఆర్ఎస్‌లో దానికి వేరే అమరికే ఉంది. కానీ ఎఫ్3కె గ్లైడర్‌కు ఇవేవీ అక్కర్లేదు. 600 మీటర్ల దూరాన నీ ఒకటిన్నర మీటరు రెక్క నిండు చంద్రుడి వెడల్పులో సుమారు నాలుగో వంతు కనిపిస్తుంది. అక్కడ అది వస్తోందో పోతోందో కంటికి ఆనదు. 2021 నాటి డ్రోన్ నియమాలు కూడా మోడల్ విమానాన్ని కంటిచూపులోనే ఎగరేయమంటాయి, గ్రీన్ జోన్‌లో ఎత్తు 120 మీటర్లు మించవద్దంటాయి. రేడియో కన్నా ముందు నీ కన్ను ఆగిపోతుంది. నీకు కావలసింది కంటిచూపు మేర అంతటా గట్టిగా నిలిచే సిగ్నల్, అది సరైన యాంటెన్నాతో 100 మిల్లీవాట్లకే వస్తుంది.

మేనార్డ్ హిల్ అనే అమెరికా పెద్దాయన సంగతి తెలుసుకో. 2003 ఆగస్టులో ఆయన బృందం అయిదు కిలోలకు లోపు బరువున్న బాల్సా విమానాన్ని కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ నుంచి ఐర్లండ్ దాకా, అట్లాంటిక్ దాటించింది. సుమారు మూడు వేల కిలోమీటర్లు, దాదాపు 39 గంటలు. అప్పటికి ఆయనకు చూపూ వినికిడీ బాగా తగ్గిపోయాయి. అంత దూరం వెళ్లిన ఆ విమానాన్ని కూడా రేడియోతో నడిపింది బయలుదేరేచోట, దిగేచోట మాత్రమే, మధ్యలో అంతా ఆటోపైలట్. రేడియో హద్దు ఎక్కడో తెలుసుకుని దానికి తగ్గట్టు పథకం వేశారు కనుకే సముద్రం దాటారు. హద్దు తెలుసుకోవడం పిరికితనం కాదమ్మా, ఈ విద్యలో సగం అదే.

ఎంత జాగ్రత్తపడినా ఏదో ఒకరోజు గ్లైడర్ పంటలో పడుతుంది. అప్పుడు కంగారుగా పరుగెత్తి రైతు చేను తొక్కకు. రేడియో ఆపకు, టెలిమెట్రీ అందుతోందేమో చూడు. రేడియోను ఛాతీకి ఆనించి పట్టుకుని, నిలబడ్డచోటే మెల్లగా చుట్టూ తిరుగు. ఆర్ఎస్ఎస్ఐ ఎక్కడ అన్నిటికన్నా తగ్గిందో అక్కడ ఆగు. నీ ఒళ్లే అడ్డం నిలిచింది కనుక తగ్గింది, అంటే గ్లైడర్ నీ వీపు వెనక దిక్కున ఉంది. కొంత దూరం పక్కకు జరిగి మళ్లీ అలాగే చెయ్యి. రెండు దిక్కులూ కలిసే చోట వెతుకు. చేను యజమానికి ఒక మాట చెప్పి, గట్టు వెంబడి వెళ్లు.

ఈ వారం చేయాల్సిన పనులు ఇవీ. యాంటెన్నాలు బయటికి తియ్యి, ఫెయిల్‌సేఫ్ పెట్టు, ఆరు దిక్కుల్లో రేంజ్ చెక్ చేసి అంకెలు నాకు పంపు. ఆ తర్వాత గాలి తక్కువున్న ఓ ఉదయం, వంద మీటర్లకు ఒకసారి ఆర్ఎస్ఎస్ఐ వింటూ దూరం పెంచుకుంటూ పో. ఎక్కడ మొదటి హెచ్చరిక వచ్చిందో ఆ దూరం నోటుబుక్కు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాయి. పెట్టె మీది అంకె వాళ్లు అచ్చు వేసింది, ఇది నువ్వు కొలిచింది. నీ గ్లైడర్ రేంజ్ ఇదే, దాన్ని నమ్ముకుని ఎగరెయ్యి. అప్పటికీ మూడు వందల మీటర్లకే గొంతు ఆగిపోతే నాకు ఫోన్ చెయ్యి, కొత్త రిసీవర్ నేనే కొనిపెడతాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న